గురక ఆగినప్పుడు

రెండేళ్ల క్రితం వేసవిలో మా అమ్మానాన్నలు అమెరికా వచ్చారు. మొదటి రాత్రే నాన్నగారి గురక ఇల్లంతా వినిపించింది. ఇక్కడివి చెక్క గోడల ఇళ్లు కదా, మూసిన తలుపులు దానిని ఆపలేకపోయాయి. ఉదయం కాఫీల వేళ పిల్లలు తాతగారిని అనుకరించి నవ్వారు; మేమూ నవ్వాము. కుంభకర్ణుని ప్రసక్తి రానే వచ్చింది. నవ్వనిది మా అమ్మ ఒక్కతే. "గురక పెడుతున్నంతసేపూ నాకు భయం లేదే అమ్మాయ్. నడుమ నడుమ ఆగిపోతుంది చూడు, అప్పుడే గుండె జారిపోతుంది" అన్నది.

నేను పిల్లల వైద్యురాలిని. నా వద్దకు వచ్చే ప్రతి బిడ్డ తల్లినీ "రాత్రిళ్లు గురక పెడతాడా?" అని అడుగుతాను. ఆ ప్రశ్న కన్నతండ్రి విషయంలో నాకు తట్టనే లేదు. మన ఇళ్లలో గురక హాస్యానికి ముడిసరుకే గాని ఆరోగ్య విషయం కాదు.

ఇంతకూ గురక ఎలా పుడుతుంది? ముక్కు నుండి ఊపిరితిత్తులకు పోయే దారిలో గొంతు వెనుక భాగానికి గట్టి ఆధారమేదీ లేదు. కండరాల బిగువే దానిని తెరిచి ఉంచుతుంది. నిద్రలో ఆ బిగువు సడలి దారి ఇరుకవుతుంది. ఇరుకు సందులో గాలి వేగం పుంజుకుని మెత్తని అంగిలిని, కొండనాలుకను అదరగొడుతుంది. ఆ అదురుపాటు శబ్దమే గురక. కనుక ఆ దారిని ఇరుకు చేసేది ఏదైనా గురకకు కారణమే.

వీటిలో ప్రధానమైనది స్థూలకాయం. మెడలోను, నాలుక మూలంలోను చేరిన కొవ్వు గొంతును లోపలికి నొక్కుతుంది. మెడ చుట్టుకొలత పురుషులలో 17 అంగుళాలు, స్త్రీలలో 16 అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. అయితే బక్కపలచని వారికి గురక రాదనుకోవడం పొరపాటు. కింది దవడ చిన్నదై వెనుకకు ఉన్నవారికి సన్నని మెడ ఉన్నా గొంతులో చోటు తక్కువే. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనుకకు జారుతుంది. పక్కకు తిరిగితే చాలామందికి గురక తగ్గేది అందుకే. జలుబు, పుప్పొడి వలన కలిగే ముక్కు దిబ్బడ, ముక్కు దూలం వంకర, పొగతాగుట, థైరాయిడ్ లోపం కూడా కారణాలే. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత గురక హెచ్చుతుంది. ఇక వారాంతపు విందులలో పుచ్చుకునే మద్యం, ప్రయాణపు బడలిక తీరడానికి వేసుకునే నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. విందు జరిగిన రాత్రి గురక ఏ స్థాయిలో ఉంటుందో గృహిణులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

పిల్లల సంగతి వేరు. 2 నుండి 8 ఏళ్ల వయస్సులో టాన్సిళ్లు, అడినాయిడ్లు గొంతు పరిమాణానికి మించి పెద్దవిగా ఉంటాయి. ఏ జలుబూ లేకుండా వారంలో మూడు రాత్రులకు మించి గురక పెట్టే బిడ్డను వైద్యునికి చూపించాలి. నిద్ర చాలని పెద్దలు మగతగా ఉంటారు. పిల్లలు చాలాసార్లు అందుకు విరుద్ధంగా నిలకడ లేక అల్లరి చేస్తారు. బడిలో టీచరు చేసే ఫిర్యాదుకు మూలం ఒక్కొక్కసారి గొంతులో ఉంటుంది.

ఇక మా అమ్మ చెప్పిన ఆ నిశ్శబ్దం. దారి ఇరుకైతే గురక. పూర్తిగా మూసుకుపోతే శబ్దమే ఉండదు. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోనికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం మేల్కొల్పుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. ఉదయానికి ఇదేదీ జ్ఞాపకం ఉండదు. దీనినే స్లీప్ ఆప్నియా అంటారు. శ్వాస 10 సెకన్లు గాని అంతకు మించి గాని ఆగడం, లేదా బాగా క్షీణించడం, గంటకు 5 సార్లు దాటితే వ్యాధిగాను, 30కి చేరితే తీవ్రమైనదిగాను పరిగణిస్తారు. రక్తపోటు మందులకు లొంగకపోవడం, గుండె లయ తప్పడం, పక్షవాతం దీనితో ముడిపడి ఉన్నాయి. కారు నడుపుతూ కునుకు తీయడం అన్నిటికంటే తక్షణ ప్రమాదం.

నాన్నగారికి రక్తపోటుకు మూడు మందులు. ఉదయం తలనొప్పి, టీవీ ముందు కునుకుపాట్లు. వీటిని వయోభారమని సరిపెట్టుకున్నాము. ఇలాంటి పరీక్షలకు సందర్శకుల బీమా సాధారణంగా వర్తించదు గనుక, తిరిగి వెళ్లాక విజయవాడలో నిద్రపరీక్ష చేయించాము. గంటకు 34 సార్లు!

ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ప్రకటించిన చికిత్స నేటికీ ప్రధాన సాధనం. ముక్కుకు తొడుగు అమర్చి, చిన్న యంత్రం ద్వారా గాలిని స్వల్ప ఒత్తిడితో పంపుతారు; ఆ గాలే గొంతును తెరిచి ఉంచుతుంది. బరువు తగ్గించుకోవడం, దవడను ముందుకు నిలిపే పలుదొడుగులు, కొందరికి శస్త్రచికిత్స ఇతర మార్గాలు. స్థూలకాయంతోపాటు ఈ వ్యాధి ఒక మోస్తరుగానో తీవ్రంగానో ఉన్న పెద్దలకు టిర్జెపటైడ్ అనే ఇంజెక్షనును 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. గురక పెట్టే ప్రతి ఒక్కరికీ ఇవన్నీ అవసరమని కాదు. ఏది వట్టి గురకో, ఏది కాదో తేల్చేది పరీక్షే. నేడు చాలామంది దానిని ఇంట్లోనే చేయించుకోవచ్చు. పరీక్షకు ముందు వైద్యునికి కావలసిన సాక్ష్యం మాత్రం పక్కన పడుకున్నవారి వద్దనే ఉంటుంది. గురక పెట్టేవారిని అడిగితే "నేనా? గురకా?" అంటారు.

ఈ వేసవిలో అమ్మానాన్నలు మళ్లీ వచ్చారు. యంత్రం చేతిసంచిలోనే తెచ్చుకున్నారు. నాన్నగారు ఆ తొడుగును మొదటి నెలంతా తిట్టుకున్నారట. ఇప్పుడు మధ్యాహ్నపు కునుకుకు కూడా అదే అడుగుతున్నారు. అమ్మకు మాత్రం ఆ తొలి వారమంతా నిద్ర లేదట. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నమ్మకం కుదరక, చీకట్లో చేయి చాచి ఆయన ఛాతీ మీద ఆనించి చూసుకునేదట.