ఇంట్లో కంప్యూటరుకు ఎంత బ్యాటరీ కావాలి?



పూర్వం కరెంటు పోతే మనం వెతుక్కునేవి అగ్గిపెట్టె, కిరసనాయిలు దీపం, విసనకర్ర. ఇవాళ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, మణికొండ ప్రాంతాల ఇళ్ళల్లో కరెంటు పోగానే మొదట వినబడే మాట, "అయ్యో, మీటింగు మధ్యలో పోయిందే!" అన్నది.

1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు కంప్యూటరు ఉద్యోగమంటే అలాంటి మేడల్లోకి వెళ్ళి చేసి రావటమే. అక్కడ కరెంటు పోయినా పని చేసేవారికి తెలిసేది కాదు. జనరేటర్లు, బ్యాటరీల సంగతి ఆఫీసువారే చూసుకునేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేసరికి ఆ ఆఫీసు కాస్తా మన భోజనాల బల్ల మీదికి వచ్చింది. తరువాత చాలామంది తిరిగి ఆఫీసుకు వెళ్ళినా, వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పనిచేసేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఆఫీసైతే ఇంటికి వచ్చింది గాని, దాని వెనక ఉన్న జనరేటరు రాలేదు. ఆ పూచీ మన మీద పడింది.

"ఇంట్లో కూర్చుని చేసేదేగా!" అని పక్కింటివారే కాదు, ఒక్కొక్కప్పుడు ఇంట్లోవారూ తేలిగ్గా అంటూంటారు. కాని అవతల ఉన్న పై అధికారికి మన వీధి ట్రాన్స్‌ఫార్మరు కనబడదు. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మాయమవటమే కనబడుతుంది. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఎంతో ప్రయత్నం మీద మళ్ళీ ఉద్యోగంలో చేరిన ఇల్లాలికి, ఇంట్లోంచి పాఠాలు చెప్పుకునే టీచరుకు, ఆన్‌లైన్‌లో పరీక్ష రాస్తున్న పిల్లకు ఆ పది నిమిషాలు చిన్నవి కావు.

అలాగని భయపడి దుకాణానికి పరుగెత్తి, ఉన్నవాటిలోకల్లా పెద్దది కొనుక్కు రానక్కరలేదు. సాధారణంగా మన ఇళ్ళల్లో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, అవసరానికి మించి కొనటం. రెండోది, కొన్నది అవసరమైన చోట పనికి రాకపోవటం. ఈ రెండూ తప్పించుకోవాలంటే ధరలు అడగటానికి ముందు మన ఇంటిని మనం మూడు ప్రశ్నలు అడగాలి. కరెంటు ఎంతసేపు పోతోంది? ఆ సమయంలో తప్పకుండా నడవవలసినవి ఏవి? మీరు కూర్చుని పనిచేసే చోటు ఎక్కడ?

మొదట ఎంతసేపు అన్నది చూద్దాం. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఒక నెలపాటు కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ రాసి పెట్టండి. నెల తిరిగేసరికి మీ ఇల్లు ఏ కోవలోదో మీకే తెలుస్తుంది. జనరేటరు ఉన్న పెద్ద అపార్టుమెంట్లలో కరెంటు పోయాక జనరేటరు అందుకునేదాకా కొద్ది సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ కాస్త ఖాళీ గడిస్తే చాలు. మియాపూరు, హఫీజ్‌పేట వైపు జనరేటరు లేని విడి ఇళ్ళకైతే అరగంటో గంటో గడవాలి. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలితో వాన వచ్చి చెట్టుకొమ్మ తీగల మీద పడిందంటే, అది తీసేదాకా గంటల తరబడి కూర్చోవలసిందే. సెకన్ల కోసం గంటల బ్యాటరీ కొనటం ఎంత దండగో, గంటల అవసరానికి నిమిషాల బ్యాటరీ కొనటమూ అంతే దండగ.

అపార్టుమెంటు వారు ఇంకో సంగతి కూడా కనుక్కోవాలి. జనరేటరు ఉన్నా అది ప్రతి ఫ్లాటుకూ కొంత లోడు మాత్రమే ఇస్తుంది. చాలాచోట్ల లైట్లు, ఫాన్లు వెలుగుతాయి, తిరుగుతాయి గాని అన్ని ప్లగ్గులకూ కరెంటు రాదు. ఏ ప్లగ్గుకు వస్తుందో అసోసియేషన్ వారిని గాని, ఎలక్ట్రీషియన్‌ను గాని అడగండి.

రెండో ప్రశ్న ఏవి నడవాలి అన్నది. ఇంటి కంప్యూటర్లు రెండు రకాలు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ దాని కడుపులోనే ఉంది. కరెంటు పోయినా అది ఆగదు. ఆగేది ఇంటర్నెట్ పెట్టె, అంటే గోడకు తగిలించిన రౌటరు. చాలామంది ఈ సంగతి గమనించకుండా ల్యాప్‌టాప్ కోసమని పెద్ద పెద్ద ఇన్వర్టర్లు కొంటున్నారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగానే ఉండి, కరెంటు పోయేది గంటా రెండు గంటలే అయితే, రౌటరుకు పెట్టే చిన్న యు.పి.ఎస్. ఒక్కటి చాలు. అరచేతిలో పట్టే ఈ పెట్టె 2,000 రూపాయల లోపే దొరుకుతుంది. కొనేముందు రౌటరు అడాప్టరు మీద అచ్చువేసిన అంకెలు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులుంటాయి, కొన్నిటికి 9 ఉంటాయి. వోల్టులు తేడా వస్తే రౌటరు కాలిపోవచ్చు. ఫైబరు తీగ వచ్చే పెట్టె వేరుగా, రౌటరు వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి.

ఇంత చేసినా ఒక్కొక్కసారి రౌటరు వెలుగుతూనే ఉంటుంది, నెట్టు మాత్రం రాదు. మీ భవనం కిందో, వీధిలోనో ఉన్న కేబులువాళ్ళ పెట్టెకు బ్యాటరీ లేకపోవటమే అందుకు కారణం. దానికి మన డబ్బు ఎంత పోసినా లాభం లేదు. కనెక్షన్ ఇచ్చినవారిని ముందే అడిగి తెలుసుకోవాలి. సెల్‌ఫోను నుంచి నెట్టు తీసుకోవటం నేర్చుకుని ఉంచుకుంటే మంచిది.

బల్ల మీద పెట్టే డెస్క్‌టాప్ కంప్యూటరుకు సొంత బ్యాటరీ లేదు. కరెంటు రెప్పపాటు పోయినా చేస్తున్న పనంతా పోతుంది. దీనికి యు.పి.ఎస్. తప్పనిసరి. దుకాణంలో "600 వి.ఎ.నా, 1,000 వి.ఎ.నా?" అని అడుగుతారు. ఆ అంకెను చూసి మోసపోకండి. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉండే వాట్లు చూడండి. సాధారణంగా 600 వి.ఎ. పెట్టె మోయగలిగేది 360 వాట్లు. ఇంట్లో మామూలు పనులకు వాడే డెస్క్‌టాప్, తెరతో కలిపి 100 నుంచి 150 వాట్ల దాకా తీసుకుంటుంది గనక ఇది సరిపోతుంది. పిల్లలు ఆటలాడుకునే పెద్ద కంప్యూటరైతే ఎక్కువ వాట్లు కావాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. వి.ఎ., వాట్లు చెప్పేది ఎంత బరువు మోస్తుందని మాత్రమే. ఎంతసేపు మోస్తుందో చెప్పేది బ్యాటరీ. గరిటె పెద్దదైతే ఒక్కసారికి ఎక్కువ వడ్డించవచ్చు. కాని ఎంతమందికి సరిపోతుందన్నది గిన్నెలో ఉన్న పులుసును బట్టి గదా! 600 వి.ఎ. పెట్టెలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. 12ను 7తో హెచ్చవేస్తే 84 వాట్-అవర్లు. వేగంగా వాడినప్పుడు అందులో సగమే చేతికి వస్తుంది. అంటే 120 వాట్ల కంప్యూటరుకు పదిహేను, ఇరవై నిమిషాలు. పని భద్రపరుచుకుని పద్ధతిగా ఆపుకోవటానికీ, జనరేటరు వచ్చేదాకా ఆగటానికీ అది చక్కగా చాలు. రెండు గంటలు పనిచేయటానికి చాలదు.

గంటలు కావాలంటే ఇన్వర్టరు, దానికి పెద్ద బ్యాటరీ ఉండాలి. దీని లెక్క కూడా మన చేతిలోనే ఉంది. ల్యాప్‌టాప్ 65 వాట్లు, అదనపు తెర 25, నెట్టు పెట్టెలు 15, ఒక మామూలు ఫాను 75, ఎల్.ఇ.డి. లైటు 10 అనుకోండి. మొత్తం 190 వాట్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీని పూర్తిగా అడుగంటనివ్వకూడదు, మధ్యలో కొంత నష్టం కూడా పోతుంది. కనుక నూటికి అరవై వంతులు, అంటే 1,080 చేతికి వస్తాయనుకోండి. దాన్ని 190తో భాగిస్తే సుమారు ఐదున్నర గంటలు. అదే ఫాను బదులు 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫాను పెట్టుకుంటే ఏడు గంటలు దాటుతుంది. బ్యాటరీ పెంచటంకన్నా వాడకం తగ్గించటం చవక అన్నమాట.

ఇన్వర్టరు కొనేటప్పుడు రెండు సంగతులు గట్టిగా అడగండి. ప్యూర్ సైన్‌వేవ్ రకమేనా? పాతకాలపు స్క్వేర్‌వేవ్ రకాల మీద ఫాన్లు రొద చేస్తాయి, కొన్ని కంప్యూటర్లు సరిగా నడవవు. రెండోది, యు.పి.ఎస్. మోడ్ అనే స్విచ్చి ఉందా? కరెంటు పోయిన క్షణానికీ, బ్యాటరీ అందుకునే క్షణానికీ మధ్య ఖాళీ ఎక్కువైతే డెస్క్‌టాప్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ స్విచ్చి వేస్తే ఖాళీ తగ్గుతుంది. ఏ పెట్టె మీదైనా బి.ఐ.ఎస్. వారి రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

ఇక మూడో ప్రశ్న, మీరు కూర్చునే చోటు. 2012, 2013 సంవత్సరాలలో రాష్ట్రంలో కరెంటు కోతలు ఎక్కువగా ఉన్నప్పుడు మన ఊళ్ళో ఎందరో ఇన్వర్టర్లు పెట్టించుకున్నారు. ఆనాడు లైన్లు వేయించినప్పుడు హాల్లో ఫాను, టీ.వీ., పడకగదిలో లైటు చూసుకున్నారు. ఇప్పుడు మీరు పనిచేసే బల్ల దగ్గర ప్లగ్గు ఆ లైనులో ఉన్నదా? రౌటరు ప్లగ్గు ఉన్నదా? చాలా ఇళ్ళల్లో అయ్యగారి బల్లకు ప్రత్యేకంగా గది ఉంటుంది. అమ్మగారు మాత్రం వంటింటి పక్కన ఏ మూల ఖాళీ దొరికితే ఆ మూల కూర్చుంటుంది. ఆ మూల ప్లగ్గుకు ఇన్వర్టరు లైను ఉండదు. ఇంట్లో ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా, ఆమె ఉద్యోగానికి అది లేనట్లే. ఒక ఆదివారం పగలు, కంప్యూటర్లన్నీ ఆపి, మెయిన్ స్విచ్చి కట్టేసి ఇల్లంతా తిరిగి చూడండి. ఏ ప్లగ్గు పనిచేస్తోందో తేలిపోతుంది. లైను మార్పించవలసి వస్తే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఆ చేత్తోనే చూపించుకోండి. కొత్త బ్యాటరీ కొనటం కన్నా ఈ పనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇల్లలకగానే పండగ కాదంటారు. బ్యాటరీ కొనగానే పని అయిపోలేదు. ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. ఛార్జి అయ్యేటప్పుడు మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. కనుక గాలి ఆడే చోటే పెట్టాలి. దేవుడి గూటి కింద ఖాళీగా ఉందని అక్కడ పెట్టకూడదు, దీపం, అగరువత్తులు దగ్గరగా ఉంటాయి. గ్యాసుపొయ్యి పక్కనా, మూసిన అలమరలోనూ కూడా వద్దు. పసిపిల్లల చేతికి అందకూడదు. రెండు మూడు నెలలకొకసారి నీటి మట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయించాలి. కుళాయి నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు పనికిరావు. ఆమ్లం చర్మం మీద గాని, కంట్లో గాని పడితే వెంటనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నీళ్ళ బాధ లేని లిథియం బ్యాటరీలు కూడా వచ్చాయి. తేలిక, ఎక్కువకాలం మన్నుతాయి, ధరా ఎక్కువే. అయితే వాటికి సరిపడే ఇన్వర్టరు ఉండాలి. ఉన్న పాత ఇన్వర్టరుకు అడక్కుండా తగిలించకూడదు.

చిన్న యు.పి.ఎస్. బ్యాటరీకి నీళ్ళు పోసే పని లేదు గాని, అది మామూలుగా రెండు మూడేళ్ళకు నీరసిస్తుంది. ఎండ తగిలేచోట ఉంటే ఇంకా త్వరగా. మూడు నెలలకొకసారి పనిలేని వేళ గోడ స్విచ్చి ఆపి, ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడండి. దానికి ఇస్త్రీపెట్టె, మిక్సీ, లేజర్ ప్రింటరు తగిలించకండి. ఉరుములు మెరుపులు బాగా ఉన్నప్పుడు వీలైతే ప్లగ్గులు తీసేయటమే మేలు.

పాత బ్యాటరీని వీధిలో తిరిగే పాతసామాన్లవాడికి వేయకండి. అందులోని సీసం పిల్లల ఆరోగ్యానికి చాలా చెరుపు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇస్తే సాధారణంగా ధరలో కొంత తగ్గిస్తారు కూడా. బిల్లు, వారంటీ కార్డు తేదీ వేయించి భద్రపరచండి.

కరెంటు పోతే 1912కు ఫోను చేసి చెప్పటం మరవకండి. పక్కవాళ్ళు చేస్తారులే అని అందరూ ఊరుకుంటే ఎవరూ చేయరు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు. ఎంత అవసరమో లెక్క వేసుకుని వెళ్ళిన ఇల్లాలికి దుకాణదారుడు అక్కరలేనిది అంటగట్టలేడు. ముందు క్యాలెండరు మీద నెలరోజులు రాయండి. మీ బల్ల దగ్గర ప్లగ్గు చూసుకోండి. ఆ తరువాతే సంచీ తీసుకుని బయలుదేరండి.