కుట్టించాక చెయ్యి పెట్టకండి

వేసవి సెలవులకు ఇండియా వెళ్లిన కుటుంబాలు ఆగస్టులో తిరిగొస్తాయి. ఆ నెలలో అమెరికాలోని మా క్లినిక్‌కి వచ్చే తెలుగు పిల్లల్లో కొందరి చెవులు ఎర్రగా ఉబ్బి ఉంటాయి. తిరుమలలో తలనీలాలిచ్చి, ఊళ్లో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించి, వారం తిరక్కుండానే విమానం ఎక్కిస్తారు. వేడుక ఫొటోలు వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతాయి. ఆ చెవిని మర్నాటి నుంచి ఎలా చూసుకోవాలో మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లుండరు. పసుపు రాయమని ఒకరు, స్పిరిట్‌తో తుడవమని ఇంకొకరు, రోజూ తిప్పకపోతే అతుక్కుపోతుందని మరొకరు. ఇక్కడ పుట్టిపెరిగిన పద్నాలుగేళ్ల అమ్మాయిల కథ వేరు. స్నేహితురాళ్లతో మాల్‌కి వెళ్లి చెవి పైభాగాన కుట్టించుకుని, జుట్టు కప్పుకుని తిరుగుతారు. అమ్మకు తెలిసేసరికి చీము పడుతుంది.

ఇన్నేళ్లుగా ఇలాంటి చెవులూ ముక్కులూ చూసి నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. కుట్టిన చోట ఏం రాయాలా అని వెతకడం మానేస్తే చాలామందికి అసలు నా దగ్గరికి రావలసిన పనే ఉండదు.

మన పూర్వులు ఈ సంగతి పట్టించుకోలేదని అనుకోవద్దు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం చెవి కుట్టడం గురించీ, తెగిన తమ్మెను తిరిగి అతికించడం గురించీ చెబుతుంది. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలి. మగపిల్లవాడికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ముందు ఎడమచెవి. తమ్మెను లాగి పట్టుకుని, ఎండ వెలుతురు ఆవలికి కనబడే చోట మెల్లగా, తిన్నగా గుచ్చాలి. చోటు తప్పితే కాలిక, మర్మరిక, లోహితిక అనే సిరలు దెబ్బతిని జ్వరం, మంట, వాపు, గడ్డలు, చివరికి మెడ బిగుసుకుపోయి వంకర్లు తిరగడం దాకా రావచ్చని హెచ్చరిక కూడా ఉంది. ఆ చివరి మాట చదివిన ఏ డాక్టరుకైనా ధనుర్వాతం గుర్తొస్తుంది. అందుకే కుట్టించే ముందు టీకాల కార్డు చూసుకోండి. ధనుర్వాతం టీకా తొలి మూడు మోతాదులు అమెరికాలో 2, 4, 6 నెలలకు వేస్తారు. ఇండియాలో 6, 10, 14 వారాలకు. మూడూ పడ్డాక కుట్టిస్తే నిశ్చింత. సుశ్రుతుడి ఆరో నెలా అమెరికా టీకాల పట్టికా ఒకచోట కలవడం యాదృచ్ఛికమే అయినా నాకు ముచ్చటగా ఉంటుంది. పెద్దవాళ్లయితే టీకా వేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకోవాలి.

కుట్టినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. సూది దిగిన దారి వెంట కొత్త చర్మం రెండు కొసల నుంచీ లోపలికి పాకుతూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి. బయటి అంచులు ముందు మానతాయి, నడిమి భాగం చివరన మానుతుంది. పైకి చూస్తే అంతా మానినట్టే ఉంటుంది, లోపల మాత్రం పచ్చిపుండు. మెత్తటి తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముక్కుకు నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చెవి పైభాగానికి, బొడ్డుకు ఆరు నెలల నుంచి ఏడాది. నొప్పి తగ్గిందని మూడో వారానికే కమ్మ మార్చి కొత్త బుట్టాలు పెడితే, అప్పుడే కట్టిన ఆ పలచటి పొర చిరిగి పుండు మళ్లీ మొదటికొస్తుంది. మొదటి రోజుల్లో పలచగా, తెల్లగానో లేతపసుపుగానో నీరు ఊరి, ఆరి, శీల చుట్టూ పక్కు కడుతుంది. అది చీము కాదు. గోటితో గిల్లకూడదు.

శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. తర్వాత స్టెరైల్ సెలైన్ స్ప్రేని చెవికి ముందూ వెనకా కొట్టాలి. మందుల షాపులో గాయాలు కడిగేది అని అడిగి తీసుకోండి. డబ్బా మీద 0.9 శాతం సోడియం క్లోరైడ్, నీళ్లు తప్ప ఇంకేమీ రాసి ఉండకూడదు. ముక్కులో కొట్టుకునే స్ప్రే, కాంటాక్ట్ లెన్సుల ద్రావణం దీనికి పనికిరావు. ఒక నిమిషం ఆగితే పక్కు నానుతుంది. అప్పుడు శుభ్రమైన గాజుగుడ్డతోనో పేపర్ టవల్‌తోనో అద్దినట్టుగా తుడిస్తే ఊడిరావలసింది ఊడొస్తుంది. రానిదాన్ని రేపటికి వదిలేయాలి. దూది వాడొద్దు, దాని పోగులు శీలకు చుట్టుకుంటాయి. ఇంట్లో అందరూ తుడుచుకునే తువ్వాలు అసలే వద్దు. ఇలా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఆరుసార్లు కడిగితే ఆరు రెట్లు త్వరగా మానదు, చర్మం ఎండిపోయి పగులుతుంది. ఇంట్లో ఉప్పు కలుపుకోవచ్చా అని అడుగుతారు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, చర్మం మండుతుంది. స్ప్రే డబ్బా దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలెందుకు?

ఒకసారి మనవరాలిని తీసుకొచ్చిన ఒక అమ్మమ్మగారిని అడిగాను, చెవికి ఏం రాస్తున్నారని.

“పసుపూ కొబ్బరినూనే డాక్టరుగారూ. మాకందరికీ అవే రాశారు. ఏమైంది మాకు?”

ఉప్పునీళ్లు చాలన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “ఉప్పునీళ్లకి డాక్టరెందుకమ్మా?” అంది.

ఆవిడ మొదటి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. నెలల బిడ్డ తమ్మె మెత్తగా ఉంటుంది, రక్తం బాగా ఆడుతుంది. అందులో సన్నటి బంగారు తీగ పెడితే ఏం రాసినా, రాయకపోయినా మామూలుగా మానిపోతుంది. ఆ ఘనత పసుపుకు కట్టబెట్టాం. వంటింటి పసుపు క్రిములు లేకుండా శుద్ధి చేసిన మందు కాదు. నూనెతో కలిపితే రంధ్రం నోటికి పూసిన పూతలా అంటుకుని, బయటికి రావలసిన రసిని లోపలే ఆపుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్, బీటాడిన్ క్రిములతోపాటు అప్పుడే పుడుతున్న కొత్త కణాలనూ కాలుస్తాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే. ఇక ఆయింట్‌మెంట్లు: అమెరికా ఇళ్లలో ఉండే నియోస్పోరిన్‌లో నియోమైసిన్ ఉంటుంది, మనవాళ్లు సూట్‌కేసులో తెచ్చుకునే సోఫ్రామైసిన్ దానికి దగ్గరి చుట్టం. రెండూ కొందరి చర్మానికి పడవు. దురద, ఎర్రదనం, నీరు కారడం మొదలవుతాయి. అది చూసి ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకాస్త రాస్తారు.

తిప్పడం గురించి డాక్టర్లలోనూ ఏకాభిప్రాయం లేదు. తమ్మె కమ్మల్ని రోజూ కాస్త తిప్పమని చెప్పే సూచనలు ఇప్పటికీ ఉన్నాయి. వృత్తిగా కుట్టేవాళ్లు మాత్రం కదపవద్దంటారు. నేను వాళ్ల పక్షం. తిప్పిన ప్రతిసారీ ఎండిన పక్కు లోపలికి వెళ్లి కొత్త చర్మాన్ని గీరుతుంది. చర్మం లోహానికి అతుక్కుపోదు. అతుక్కునేది పక్కు, అది సెలైన్‌తో నానుతుంది.

చెవి పైభాగం సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. తమ్మె కండ, పైన ఉన్నది మెత్తటి ఎముక, మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పలచటి పొర నుంచే పోషణ అందుతుంది. అక్కడ క్రిమి చేరితే దాన్ని ఎదుర్కొనే తెల్లకణాలు సులువుగా చేరలేవు, మాత్రలతో పంపిన మందూ అంతంతమాత్రంగానే చేరుతుంది. చీము ఆ పొరను ఎత్తేస్తే కింది ఎముక చచ్చిపోయి చెవి ముడుచుకుపోతుంది. ఆ వంకర తీయడానికి ప్లాస్టిక్ సర్జరీ కావాలి, అదీ అంతకు ముందున్న చెవిని తెచ్చివ్వదు. 2000లో ఒరెగన్ రాష్ట్రంలో ఒకే నగల కియోస్క్‌లో చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్లలో ఏడుగురికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకినట్టు తేలింది. కొందరు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆరా తీస్తే ఆ బ్యాక్టీరియా క్రిమిసంహారక ద్రావణం పోసిపెట్టుకున్న సీసాలోనే దొరికింది. 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ దీన్ని ప్రచురించింది. నీళ్లలో, తడిలో బతికే ఈ బ్యాక్టీరియాకు అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఇంట్లో మిగిలిన మాత్రలు వేసి చూద్దామనుకోవడం ఇక్కడ ప్రమాదం.

కాబట్టి చెవి పైభాగానికి స్ప్రింగు గన్ ఒప్పుకోవద్దు. అది మొద్దు శీలను బలవంతంగా దూరుస్తుంది, ప్లాస్టిక్ కాబట్టి ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయడానికి వీలుకాదు. సీలు మీ ఎదుటే విప్పి, ఒకసారి వాడి పారేసే బోలు సూదితో కుట్టేచోటికి వెళ్లండి. ఊళ్లో కంసాలి చేతే కుట్టించాలన్న పట్టుదల ఉంటే కనీసం సూది కొత్తదో కాదో అడగండి, ఆయనేమీ అనుకోడు. హైదరాబాద్, విజయవాడల్లో పిల్లల డాక్టర్లూ కుడుతున్నారు. మేనమామ ఒడి అక్కడికీ వస్తుంది.

ఏ లోహం పెట్టాలన్నది మన వాళ్లు వినడానికి ఇష్టపడని విషయం. పచ్చిపుండులో మొదటగా ఉండాల్సింది ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం. చవక కమ్మల్లో నికెల్ ఉంటుంది, అది చాలామందికి పడదు, ఒకసారి పడకపోతే జీవితాంతం పడదు. యూరోపియన్ యూనియన్ 1994లోనే నికెల్ మీద కట్టడి పెట్టింది. తెల్లబంగారంలోనూ నికెల్ ఉండొచ్చు. మరి మన 916 హాల్‌మార్క్ బంగారం? అలర్జీ భయం తక్కువే. అయితే 22 క్యారెట్ల బంగారం మెత్తన, త్వరగా గీతలు పడుతుంది. ఆ గీతల్లో మురికి చేరి పుండును రాపాడుతుంది. పైగా మన దిద్దుల మరశీల చిన్నది. వాపు వచ్చినా చోటు ఇవ్వదు, మరల్లో నూనె, సబ్బు పేరుకుంటాయి. బిగించిన మర తమ్మెలో కూరుకుపోయి, మత్తు ఇచ్చి కోసి తీయాల్సిన పిల్లలను చూశాను. అమ్మమ్మ ఇచ్చిన దిద్దులు మానాక పెట్టండి, అప్పుడే వాటికి అందం.

ముక్కు కుట్టించుకునే పెళ్లికూతుళ్లకు ఒక లెక్క. పెళ్లి శ్రావణంలో అనుకుంటే సంక్రాంతికల్లా కుట్టించుకోండి. పెళ్లికి పదిహేను రోజుల ముందు కుట్టించుకుని ముహూర్తానికి రాళ్ల ముక్కుపుడక దూర్చుకోవాలంటే కుదరదు. మేకప్పు, ఏడుపు, జలుబు అన్నీ ఆ రోజే వస్తాయి. దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టాఫిలోకాకస్ ఆరియస్ నివాసం ఉంటుంది. లోపలి వైపు వేలు పెట్టి శీల సర్దుకున్నప్పుడల్లా దాన్ని పుండుకు అందిస్తున్నట్టే.

బొడ్డు కుట్టించుకున్నవాళ్లు చీర కుచ్చిళ్లు, లంగా బొందు కొన్నాళ్లు కిందికి కట్టుకోవాలి. నాలుకకు ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ వాడాలి; పళ్లు చెక్కలు లేస్తాయి కాబట్టి నాలుక మాత్రం నా సలహా వద్దనే.

మానేదాకా ఈతకొలను, సరస్సు, హాట్ టబ్ మూడూ బంద్. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ ప్రయాణంలోనే చెవులు కుట్టించి అదే వారం నదిలో ముంచకండి, ఒకటి ముందు, ఒకటి తర్వాత. తలంటు నూనె, హెయిర్ స్ప్రే తగలనివ్వకండి. దిండు గలీబు తరచూ మార్చండి, ఫోన్ రెండో చెవికి పెట్టుకోండి.

మన చర్మానికి కీలాయిడ్ బెడద కాస్త ఎక్కువ. గాయం మానాక నెలల తర్వాత మచ్చ హద్దు దాటి గట్టి గడ్డలా పెరుగుతుంది. ఇంట్లో అమ్మకో అక్కకో ఉంటే ముందే చర్మ వైద్యుణ్ని అడగండి. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం, పదకొండేళ్లు దాటాక కుట్టించుకున్నవాళ్లలో కీలాయిడ్ ఎక్కువని చెప్పింది. పసితనంలోనే కుట్టించే మన అలవాటుకు అంతో ఇంతో మద్దతే. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకూ, కృత్రిమ కవాటాలున్న పెద్దలకూ గుండె డాక్టరు సరేనన్నాకే కుట్టించాలి.

రోజులు గడిచేకొద్దీ నొప్పి తగ్గాలి. పెరుగుతుంటే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, చిక్కటి పసుపుపచ్చ చీము వస్తుంటే, చెవి వేడిగా సలుపుతుంటే, జ్వరమొస్తే ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కమ్మ మీరే తీసేయకండి. రంధ్రం మూసుకుపోతే చీము లోపల చిక్కుకుని గడ్డ కడుతుంది. ఉంచాలో తీయాలో చూసినవాళ్లు చెబుతారు. వాపు చెవి పైభాగంలో అయితే మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎప్పుడు, ఎక్కడ, దేనితో కుట్టించారో, ఏమేం రాశారో దాచకుండా చెప్పండి. పసుపు రాశామని చెప్పడానికి మొహమాటపడకండి, మేమూ ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే.