ఉప్పుగాలిలో సమురాయ్ కత్తి

1945 అక్టోబరులో పోర్ట్‌బ్లెయిర్ జింఖానా మైదానంలో జపాన్ వైస్ అడ్మిరల్ హరా తెయిజో బ్రిగేడియర్ సాలమన్స్‌కు లొంగిపోయాడు. 1942 మార్చి 23న మొదలైన అండమాన్ ఆక్రమణ అలా ముగిసింది. ఆ రోజుల్లో లొంగిపోయే జపాన్ అధికారి సంతకంతో పాటు నడుముకున్న కత్తినీ అప్పగించడం రివాజు. వాటిలో తాతల నాటి కత్తులూ ఉండేవి, కర్మాగారాల్లో హడావిడిగా చేసినవీ ఉండేవి. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపిన సైన్యం అది. దాని కత్తిని మెచ్చుకోవడానికి ద్వీపవాసికి మనసొప్పదు. అయినా ఉక్కు గుణం తెలుసుకోవడానికి అది అడ్డు కాకూడదు.

కత్తి కొత్తదైనా పాతదైనా మొదట చూడాల్సింది వాదర వెంట మబ్బులా సాగే తెల్లని గీత. దాన్ని హమోన్ అంటారు. కత్తి వెన్నుకు మందంగా, వాదరకు పలుచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతారు. పలుచని చోట ఉక్కు చటుక్కున చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపం దాలుస్తుంది. వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. మార్టెన్‌సైట్‌కు కాస్త ఎక్కువ చోటు కావాలి. అందుకే వాదర సాగి, కత్తికి ఆ పేరుపడ్డ వంపు వస్తుంది, లేదా అక్కడే పగులుతుంది. నూనెలో ముంచితే పగుళ్లు తక్కువ, గీత అందం కూడా తక్కువ. యుద్ధకాలపు కర్మాగారాలు ఎక్కువగా నూనెనే నమ్ముకున్నాయి. ఈ రోజు చౌక కత్తుల మీద యాసిడ్‌తో దిద్దిన గీతలు దండిగా కనిపిస్తాయి. దీపానికి ఏటవాలుగా పెట్టి భూతద్దంతో చూస్తే అసలు హమోన్‌లో సన్నని మెరిసే రేణువులుంటాయి. దిద్దిన దానిలో ఉండవు.

మడతపెట్టి సాగదీసిన ఉక్కంటే జనానికి మోజు. నిజానికి అది అవసరం కొద్దీ పుట్టిన పని. ఇనుప ఇసుకనూ బొగ్గునూ కలిపి కాల్చే జపాన్ కొలిమిలో ఉక్కు పూర్తిగా కరగదు, మలినాలు మిగులుతాయి. వాటిని పిండేందుకే మడతలు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కుకు ఆ బాధ లేదు. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొన్న సరుకది. ఇప్పటి మంచి కార్బన్ ఉక్కుకూ మడతలు అక్కర్లేదు.

ఇక చేతిలో పట్టు. బరువు సాధారణంగా కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ, త్రాసు చెప్పేది సగమే. తిప్పేటప్పుడు ఎదురయ్యే జడత్వం దూరం వర్గంతో పెరుగుతుంది. తిప్పే చోటికి 7 సెంటీమీటర్ల దూరంలో ఉన్న లోహం కన్నా 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అంతే లోహం 100 రెట్లు మొరాయిస్తుంది. అందుకే మంచి పనివాడు మొనవైపు వెడల్పునూ మందాన్నీ తగ్గిస్తూ పోతాడు. బాగా కుదిరిన కత్తి చేతిరక్ష పళ్లేనికి 10–15 సెంటీమీటర్ల ముందు వేలిమీద నిలుస్తుంది. ఊపి చూసేముందు మాత్రం పిడిలోని వెదురు మేకును తప్పక చూడాలి. అలుగును పిడిలో పట్టి ఉంచేది అదే. అది వదులైతే అందం సంగతి అటుంచి, కత్తి ఎగిరిపోతుంది.

అండమాన్‌లో అసలు పరీక్ష గాలిదే. ఉప్పూ తేమా కలిసి కార్బన్ ఉక్కును తుప్పుకు అప్పగిస్తాయి. చెక్క ఒర తేమ పీల్చి ఉబ్బుతుంది. లవంగం వాసన వేసే నూనెతో తుడవడం జపాన్ అలవాటు. లవంగాలు ఈ దీవుల్లోనే పండుతాయి కనుక ఆ వాసన ఇక్కడ కొత్త కాదు. జపాన్ నౌకాదళం మాత్రం నూనెను నమ్ముకోకుండా, 1937 నాటి తన నమూనా కత్తులు చాలావాటికి స్టెయిన్‌లెస్ ఉక్కు వాడింది. సంప్రదాయ కళాభిమానులు వాటిని చూసి ముక్కు విరుస్తారు. సముద్రం ఒడ్డున బతకాల్సిన పనిముట్టుగా చూస్తే మాత్రం ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికేమీ లేదు. విచిత్రమేమిటంటే, జపాన్‌లో కత్తుల నమోదు సంప్రదాయ పద్ధతిలో చేసిన కళాఖండాలకే పరిమితం. నౌకాదళపు స్టెయిన్‌లెస్ కత్తిని ఇప్పుడు అక్కడ ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి దొరకదు.