పిల్లి తడిపితే కర్ర తీయవద్దు



గాదె దగ్గర ఎలుకలు చేరకుండా పిల్లిని పెంచుకుంటాం. ఆ పిల్లే విత్తనాల బస్తా తడిపితే కర్ర తీస్తాం. కొడితే అలవాటు మానదు సరిగదా, భయపడి మరింత చాటున పోస్తుంది.

మట్టి గోకి, పని ముగించి, పూడ్చడం పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణం. కనుక వెడల్పైన రేకు తట్టలో 2, 3 అంగుళాల మందాన మెత్తని ఇసుక పోసి, సందడి లేని మూల, తిండిగిన్నెకు దూరంగా ఉంచండి. మలం, తడిసిన ఇసుక ఏరోజుకారోజు తీసి చేతులు సబ్బుతో కడుక్కోవలెను. గర్భిణులు ఈ పని చేయరాదు. తట్ట కంపు కొడితే పిల్లి అందులో అడుగు పెట్టదు. రెండు పిల్లులుంటే మూడు తట్టలు పెట్టడం మేలు.

తడిపిన చోట వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. సబ్బునీటితో బాగా కడిగి ఎండనివ్వండి. ఫినాయిలు మాత్రం వద్దు. అది పిల్లికి విషం.

గోడల మీద చిమ్మే గండుపిల్లికి విత్తులు తీయిస్తే చాలావరకు మానుతుంది.

ఒక్క మాట మరువకండి. గండుపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్కైనా పోయలేకపోతే అది పాడు అలవాటు కాదు, మూత్రం బంధించింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోండి.