ఒళ్ళంతా నొప్పులకు చాప మీద సాధన

2002లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. స్కానింగ్ యంత్రంలో పడుకున్న మనిషి బొటనవేలి గోరు మీద కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ నొక్కుతారు. ఆ క్షణంలో మెదడులో ఏ భాగం చురుకవుతోందో యంత్రం చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 16 మంది, ఒళ్ళంతా నొప్పులతో వేధించే ఫైబ్రోమయాల్జియా జబ్బు ఉన్నవాళ్ళు 16 మంది ఇందులో పాల్గొన్నారు. ఆరోగ్యవంతులకు ఎంత ఒత్తిడి దగ్గర గట్టిగా నొప్పి పుట్టిందో, దాదాపు అందులో సగానికే రోగులు అంత నొప్పీ పడ్డారు. నోటిమాట ఒక్కటే అయితే ఎవరైనా కాదనవచ్చు. నొప్పిని గ్రహించే మెదడు భాగాలు కూడా అదే సాక్ష్యం చెప్పాయి.

ఈ ప్రయోగం సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలియాలి. ఎందుకంటే ఈ జబ్బు ఉన్న స్త్రీలు తరచూ వినే మాట "రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయి కదా" అన్నది. మెడ పట్టేస్తుంది, నడుం లాగుతుంది, భుజాలు సలుపుతాయి, తల దువ్వుకోవడానికి చేయి ఎత్తాలన్నా బరువే. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా తెల్లారి లేచేసరికి ఒళ్ళంతా చితక్కొట్టినట్టు ఉంటుంది. పొయ్యి మీద ఏం పెట్టారో మర్చిపోతారు, నోటి దాకా వచ్చిన పేరు గుర్తు రాదు. రక్తపరీక్షలో ఏమీ కనబడదు, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. చివరికి అత్తగారి నుంచి డాక్టరు దాకా అందరూ "మనసులో ఏదో పెట్టుకున్నావు" అనేస్తారు. నొప్పి కంటే ఆ మాట ఎక్కువ బాధిస్తుంది.

వైద్యులే ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. 1904లో విలియం గోవర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని ఫైబ్రోసైటిస్ అన్నాడు. ఆ పేరుకు పీచు కణజాలంలో వాపు అని అర్థం. తీరా చూస్తే అక్కడ వాపు లేదు. 1976లో ఫైబ్రోమయాల్జియా అన్న పేరు వచ్చింది. 1990లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం శరీరం మీద 18 చోట్లు గుర్తించి, నొక్కినప్పుడు వాటిలో కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు లెక్క అంది. 2010లో అదే సంఘం ఆ లెక్కను పక్కన పెట్టే కొత్త పద్ధతి తెచ్చింది. ఇప్పుడు మూడు నెలలకు పైగా ఒళ్ళంతా నొప్పులు, అలసట, విశ్రాంతి ఇవ్వని నిద్ర, మతిమరుపు, వీటి తీవ్రత అన్నీ కలిపి చూస్తారు.

అసలు తేడా కండరంలో కంటే కబురు మోసే నరాలలో, కబురు అందుకునే మెదడులో ఎక్కువ ఉందని ఇప్పటి అవగాహన. దొంగ వస్తే మొరగాల్సిన కుక్క వాకిట్లో ఆకు రాలినా మొరుగుతుంటే ఇల్లు ఎలా ఉంటుంది? ఈ జబ్బులో నాడీవ్యవస్థ పరిస్థితి అదే. మామూలు తాకిడి, చలిగాలి, పెద్ద శబ్దం కూడా దానికి అపాయంలా తోస్తాయి.

నిద్రకూ నొప్పికీ ఉన్న ముడి 1975లో టొరంటోలో బయటపడింది. ఏ జబ్బూ లేనివాళ్ళను నిద్రపోనిచ్చి, గాఢనిద్రలోకి జారుతుండగా చప్పుడు చేసి చెడగొట్టారు. కొద్ది రాత్రులకే వాళ్ళకూ ఒళ్ళునొప్పులు, బడలిక మొదలయ్యాయి. నిద్ర చెడితే నొప్పి, నొప్పి వస్తే నిద్ర చెడటం. దీనికి తోడు మరో సుడి ఉంది. నొప్పి పుడుతుందని కదలడం మానేస్తారు. కదలని కండరం నీరసిస్తుంది. నీరసించిన కండరానికి నిన్నటి పనే ఇవాళ పెద్ద బరువు. ఒకరోజు కాస్త తేలిగ్గా ఉందనుకోండి, సంక్రాంతి ముందు ఇల్లంతా ఒక్క పూటలో దులిపేసి, ఆ తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేరు. "పని చేస్తే ఇంతే" అన్న భయం గట్టిపడుతుంది.

ఈ సుడిలోంచి బయటికి లాగేది కదలికేనని పరిశోధనలు చెబుతున్నాయి. ఐరోపా రుమటాలజీ వైద్యుల సమాఖ్య 2016లో ఈ జబ్బుకున్న చికిత్సలన్నిటినీ తూచి చూసింది. మందులు, మానసిక చికిత్సలు, ఆక్యుపంక్చర్ వంటి వాటిలో దేనికీ గట్టి సిఫారసు దక్కలేదు. బలంగా చెప్పగలిగినది ఒక్క వ్యాయామమే అని తేల్చింది. చెప్పడం తేలికే. కూర్చుని లేస్తేనే ప్రాణం పోతున్నట్టుండే మనిషిని వ్యాయామం చేయమంటే ఎక్కడి నుంచి మొదలు పెట్టాలి?

పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇది పడుకుని మొదలవుతుంది.

ఈ పద్ధతికి పేరిచ్చిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మెన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్, రుమాటిక్ జ్వరం అతన్ని పీడించాయి. బక్కపలచని ఒంటిని బాగుచేసుకోవాలన్న పట్టుదలతోనే వ్యాయామం వైపు తిరిగాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండులో ఉన్నాడు. జర్మన్ కాబట్టి శత్రుదేశీయుడని నిర్బంధించారు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని శిబిరంలో తోటి ఖైదీల చేత వ్యాయామాలు చేయించాడు. మంచాన పడ్డవాళ్ళ కోసం మంచాలకు స్ప్రింగులు బిగించి, వాటిని లాగుతూ కాళ్ళూ చేతులూ ఆడించేలా చేశాడని చెబుతారు. ఇప్పటి పిలాటిస్ కేంద్రాల్లో కనిపించే రిఫార్మర్ అనే, స్ప్రింగులతో జారే బల్ల యంత్రం చూస్తే ఆ కథ నమ్మబుద్ధేస్తుంది. 1926లో న్యూయార్క్ చేరాడు. అతని దగ్గరికి ఎక్కువగా వచ్చింది గాయపడ్డ నాట్యకారులు. తన పద్ధతికి అతను పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1967లో అతను చనిపోయాక, జనం నోట నిలిచింది మాత్రం అతని ఇంటిపేరే.

ఫైబ్రోమయాల్జియా మీద ఈ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి టర్కీలో జరిగింది. బుర్సా నగరంలోని ఉలుదా విశ్వవిద్యాలయ వైద్యులు ఈ జబ్బున్న 50 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శిక్షణ ఇచ్చేవారి పర్యవేక్షణలో వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున 12 వారాలు పిలాటిస్ నేర్పారు. నిలబడే, కూర్చునే తీరు సరిదిద్దడం, కండరాలు సాగదీయడం, ఊపిరి అభ్యాసం, సాగే రబ్బరు పట్టీలతో కసరత్తు, అన్నీ అందులో ఉన్నాయి. రెండో జట్టుకు ఇంటి దగ్గర చేసుకోమని సాగదీత, విశ్రాంతి అభ్యాసాలు ఇచ్చి పంపారు. 12 వారాల తర్వాత చూస్తే పిలాటిస్ జట్టులో నొప్పి తగ్గింది, రోజువారీ పనుల్లో జబ్బు పెట్టే ఇబ్బందీ తగ్గింది. ఇంటి దగ్గర చేసుకున్న జట్టు కంటే ఈ జట్టు స్పష్టంగా ముందుంది.

2009లో అచ్చయిన ఆ పరిశోధన గురించి చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మిగతాది ఇంకా ముఖ్యం. తరగతులు ఆగిపోయాక మరో 12 వారాలకు, అంటే 24వ వారంలో, వైద్యులు మళ్ళీ కొలిచారు. పిలాటిస్ జట్టులో రోజువారీ పనుల విషయంలో మెరుగు కొంత మిగిలింది. నొప్పిలో వచ్చిన లాభం మాత్రం నిలవలేదు. రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 50 మందితో జరిగిన చిన్న పరిశోధన కాబట్టి దీన్నే వేదంలా పట్టుకోనక్కర్లేదు. అయినా ఇది చెప్పిన నిజం పెద్దది. పిలాటిస్ ఈ జబ్బును నయం చేయదు. చేస్తున్నన్నాళ్ళూ ఊరట ఇస్తుంది. పళ్ళు తోముకోవడం లాగా దీన్ని బతుకులో కలుపుకోవాలి తప్ప, మందుల కోర్సులా మూడు నెలలు వాడి ఆపేస్తే లాభం లేదు.

చాప మీద ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, వెల్లకిలా పడుకుంటారు. మొదటి పాఠం ఊపిరి. ముక్కుతో పీల్చినప్పుడు పక్కటెముకలు ఇరువైపులా గొడుగులా విచ్చుకోవాలి, వదిలేటప్పుడు బొడ్డు కింది భాగం మెల్లగా లోపలికి వెళ్ళాలి. పొట్టను నడికట్టులా చుట్టి ఉండే లోపలి కండరం ఇలా మేల్కొంటుంది. నడుముకు ఆసరా ఇచ్చేది అదే. ఆ తర్వాత కటిభాగాన్ని గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వంచడం, ఒక్కో కాలూ నేల నుంచి కాస్త ఎత్తడం, పక్కకు తిరిగి పడుకుని పైమోకాలు మాత్రం తెరవడం. చూసేవాళ్ళకు ఏమీ చేయనట్టే ఉంటుంది. చేసేవాళ్ళకు మాత్రం ఏళ్ళ తరబడి బిగబట్టిన భుజాలు, దవడ వదులవుతున్నట్టు తెలుస్తుంది. ఒళ్ళు కదిలించినా ఏ ప్రమాదమూ జరగలేదన్న కబురు మాటిమాటికీ మెదడుకు చేరుతుంది. ఈ కబురు పదే పదే అందడం భయాన్ని కరిగించే మార్గాల్లో ఒకటి.

మరి యోగా ఉండగా ఇదెందుకు అని తెలుగు పాఠకులు అడగడం సహజం. యోగాకూ రుజువులు ఉన్నాయి. అమెరికాలోని ఆరిగాన్‌లో 53 మంది స్త్రీలతో 8 వారాలు జరిపి, 2010లో ప్రచురించిన పరిశోధనలో యోగా చేసినవారికి నొప్పి, అలసట తగ్గాయి. చైనా సంప్రదాయ సాధన తాయ్‌చీ మీద 226 మందితో జరిగి, 2018లో అచ్చయిన పరిశోధన కూడా మంచి ఫలితమే చెప్పింది. బ్రెజిల్‌లో 42 మంది స్త్రీలతో పిలాటిస్‌నూ, నీళ్ళలో నిలబడి చేసే ఏరోబిక్స్‌నూ పోల్చి చూశారు. వారానికి రెండుసార్లు, 12 వారాలు. రెండు జట్లకూ మేలు జరిగింది, రెండూ సమానంగానే నిలిచాయి. పిలాటిస్‌లో ప్రత్యేకమైన మహిమ ఏదో ఉందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఏ సాధనను ఒక మనిషి భయం లేకుండా, మానకుండా చేయగలదో అదే ఆమెకు మంచి సాధన. నిలబడలేనివాళ్ళకూ పడుకుని చేసే వీలుండటం, కొలత చిన్నదిగా పెట్టుకోగలగడం పిలాటిస్‌కున్న సౌకర్యం.

ఆ బ్రెజిల్ పరిశోధనలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అందులో చేయించింది చాప మీది పిలాటిస్. హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో రిఫార్మర్ యంత్రాలున్న స్టూడియోల ఫీజు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. కాస్త మందంగా, జారకుండా ఉండే చాప, తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి కొన్ని వారాల శిక్షణ. ఖర్చు పెట్టాల్సింది వీటి మీద.

శిక్షణ ఇచ్చేవారిని ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. "నొప్పి పుడితేనే ఒళ్ళు దారికొస్తుంది" అనే జిమ్ పద్ధతి ఈ జబ్బుకు విషం. మొదటి వారం పది, పదిహేను నిమిషాలు చాలు. చేసిన రోజు కాస్త సలుపు ఉండటం మామూలే. మర్నాటికీ, ఆ మర్నాటికీ మంచం దిగలేని స్థితి వస్తే కొలత ఎక్కువైందని అర్థం. అప్పుడు మానేయకుండా సగానికి తగ్గించి కొనసాగించాలి. బాగున్న రోజు ఎక్కువ చేసేయకుండా ఉండటం ఇంకా కష్టమైన పాఠం. తల పైకెత్తి, చేతులు ఆడిస్తూ చేసే "హండ్రెడ్" లాంటి పేరున్న వ్యాయామాలు మెడనొప్పి ఉన్నవాళ్ళకు మొదట్లో వద్దు. ఎముకలు గుల్లబారినవాళ్ళు వెన్ను ముందుకు గుండ్రంగా వంచేవి చేయకూడదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి.

వీటన్నిటికీ ముందు జబ్బు ఏమిటో తేలాలి. థైరాయిడ్ తక్కువైనా, విటమిన్ డి బాగా పడిపోయినా, రక్తం తక్కువైనా, కీళ్ళవాతం మొదలవుతున్నా ఒళ్ళునొప్పులు, నీరసం ఇలాగే ఉంటాయి. వాటికి వేరే చికిత్స ఉంది. కాబట్టి రుమటాలజిస్టును గానీ, ఓపిగ్గా వినే ఫిజీషియన్‌ను గానీ కలిసి, అవి కావని తేల్చుకున్నాకే చాప పరచాలి. డాక్టరు రాసిన మందులుంటే వాటిని సొంతంగా ఆపకూడదు.

బుర్సాలో ఆ స్త్రీలకు ఊరట దొరికిన 12 వారాల్లో వాళ్ళకు వారానికి మూడు గంటలు పూర్తిగా తమవిగా ఉన్నాయి. వెళ్ళడానికి ఒక చోటు ఉంది, కనిపెట్టి చూస్తూ నేర్పే మనిషి ఒకరు ఉన్నారు. మన ఇళ్ళలో ఈ జబ్బున్న స్త్రీకి ముందుగా కరువయ్యేది ఆ సమయమే. టిఫిను, క్యారేజీలు, బట్టలు, పిల్లల చదువులు అయ్యాక ఆమెకు మిగిలేది ఓపిక లేని అర్ధరాత్రి. మీ ఇంట్లో అలాంటి అమ్మో, అక్కో, కోడలో ఉంటే రేపటి నుంచి ఆమెకు ఒక అరగంట ఖాళీ చేసి పెట్టండి. ఆ అరగంట పొయ్యి దగ్గర పని మీరు అందుకోండి. 12 వారాలు దాటాక కూడా.