మందుకు తోడు

రక్తకణాలు అదుపుతప్పి వృద్ధి చెందడం వల్ల కలిగే వ్యాధి రక్త కాన్సర్. ఇందులో కొన్ని రకాలు వారాల వ్యవధిలోనే ప్రాణాపాయం కలిగిస్తాయి. మరికొన్ని మందగతిని సాగుతూ ఏళ్ల తరబడి మనిషిని అంటిపెట్టుకొని ఉంటాయి. ఇవే దీర్ఘకాలిక రక్త కాన్సర్లు.

ఈ వ్యాధులపై జరిగిన పోరాటంలో తెలుగువారికీ భాగమున్నది. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధక బృందం అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్‌ను, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947లో రక్త కాన్సర్‌కు గురైన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధిని అణచగలిగాడు. 2001లో అందుబాటులోకి వచ్చిన ఇమాటినిబ్ మాత్ర, ఒక రకం దీర్ఘకాలిక రక్త కాన్సర్ రోగుల ఆయుర్దాయాన్ని ఎంతగానో పెంచింది. ఆయువు పెరిగింది సరే, ఆ పెరిగిన దినాలు సుఖంగా గడిచేదెట్లా? అలసట, దురద, రాత్రి చెమటలు, నిద్రలేమి రోగిని నిత్యం వేధిస్తూనే ఉంటాయి. వీటి ఉపశమనానికి మందుతోపాటు దినచర్య కూడా తోడ్పడుతుంది.

బాధలన్నింటిలో ప్రధానమైనది అలసట. యలమంచిలి ప్రాంతంలో తెల్లవారకముందే చెరకుతోటకు వెళ్లే రైతు, వ్యాధి వచ్చిన తరువాత పొద్దెక్కినా మంచం దిగలేకపోవచ్చు. ఇంటివారు దానిని బద్ధకమని భ్రమపడతారు. అది బద్ధకం కాదు, వ్యాధి లక్షణం. విశ్రాంతితో తీరే అలసటా కాదు. పైగా పడుకొనే ఉంటే కండరాలు క్షీణించి నీరసం మరింత పెరుగుతుంది. అందుచేత రోజూ పొలం గట్టుమీద పది నిమిషాలు నడిచి, ఓపికనుబట్టి క్రమంగా పెంచుకోవాలి. ఓపిక ఉన్న వేళనే ముఖ్యమైన పనులు ముగించుకోవాలి. ఎముకలు బలహీనపడినవారు మాత్రం వైద్యుని అడిగిన పిదపనే వ్యాయామం ఆరంభించాలి.

ఎర్రరక్తకణాలు మితిమీరి పెరిగే వ్యాధిలో స్నానానంతరం తీవ్రమైన దురద పుడుతుంది. మరిగే నీటికి బదులు గోరువెచ్చని నీరు వాడి, తువాలుతో రుద్దక మెల్లగా అద్దుకొని, కొబ్బరినూనె రాసుకొంటే కొందరికి ఉపశమనం కలుగుతుంది. ప్లీహం ఉబ్బి పొట్టను నొక్కుతున్నప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుంటుంది. అట్టివారు కొద్దికొద్దిగా పలుమార్లు భుజించాలి. కడుపుపై దెబ్బ తగిలే ఆటలు మానాలి. చెమటలకు పలుచని నూలు వస్త్రాలు మేలు. ధ్యానం, ప్రాణాయామం వ్యాధిని నయం చేయవు. కాని ఆందోళనను తగ్గించి నిద్రకు తోడ్పడవచ్చు.

ఇవన్నీ మందుకు తోడేగాని మందుకు మారు కావు. కాస్త సుఖం కనిపించగానే మాత్రలు మానివేయడం ప్రమాదకరం. కొన్ని మూలికలు మాత్రల పనితీరునే మార్చగలవు. కనుక పసరుమందు తీసుకొనేముందు వైద్యునికి తెలపాలి. జ్వరం వస్తే జాగు చేయరాదు. విశాఖపట్నం చేరువలోని అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నిర్వహిస్తున్న హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఈ ప్రాంతవాసులకు అందుబాటులో ఉంది.

వైద్యుడు రోగిని నెలకొకసారి చూడవచ్చు. ఇంటివారు నిత్యం చూస్తారు. రోగి “అలసటగా ఉంది” అన్నప్పుడు ఆ మాట నమ్మి, వెంట నాలుగడుగులు నడిచే మనిషి ఇంట ఉండడం అన్నింటికంటె పెద్ద ఊరట.