తొంభై నిమిషాల విందు

జపాన్‌లో ‘తాబెహోదాయ్’ బోర్డు పెట్టారంటే, ఒక్కసారి డబ్బు కట్టి కావలసినంత తినొచ్చని అర్థం. ధర పక్కన సాధారణంగా ఇంకో అంకె ఉంటుంది: 90 నిమిషాలు, లేదా 120. కొత్తవాళ్లు ధర చూసి లోపలికి వెళ్తారు. చూడాల్సింది ఆ రెండో అంకెను.

ఈ పద్ధతి అక్కడ సంపన్నుల హోటల్లో పుట్టింది. టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ అధిపతి ఇనుమారు తెత్సుజో 1957లో డెన్మార్క్ వెళ్లి, బల్లనిండా వంటకాలు పరిచి ఎవరికి కావలసినవి వాళ్లను వడ్డించుకోమనే స్కాండినేవియా విందు చూశారు. మరుసటి ఏడాది ఆగస్టులో తన హోటల్లో ‘ఇంపీరియల్ వైకింగ్’ తెరిచారు. రాత్రి భోజనం 1500 యెన్లు. అప్పట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడి నెల జీతంలో అది పదో వంతు దాటేది.

ఇప్పుడు మామూలు కుటుంబాలు, విద్యార్థులు వెళ్లే షాబు-షాబు హోటళ్లలోనూ ఇదే పద్ధతి. బల్ల మధ్యలో రెండు గదుల గిన్నె, రెండు రకాల రసం మరుగుతూ ఉంటుంది. టాబ్లెట్ మీద నొక్కితే కాగితమంత పల్చగా కోసిన మాంసం వస్తుంది. ఒక్కో ముక్కను చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని రసంలో కొన్ని క్షణాలు ఆడించి, నువ్వుల సాస్‌లో ముంచి తినాలి. మిగిలిన రసంలో చివరికి నూడుల్సో అన్నమో వేసుకుంటారు. గడువుకు 20, 30 నిమిషాల ముందే ఆఖరి ఆర్డర్ అడుగుతారు, కాబట్టి 90 అన్నది నిజానికి గంట పైచిలుకే.

ఈ విందుకు రాయితీ కూపన్లు ఇచ్చే హోటళ్లూ ఉన్నాయి. మరి కూపన్ ఇచ్చి హోటల్ ఏం బావుకుంటుంది? ఆట మొదలయ్యాక ఖాళీగా మిగిలిన సినిమా సీటు లాంటిదే మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా ఉన్న బల్ల. అద్దె, జీతాలు ఎలాగూ ఆగవు. పైగా కూల్‌డ్రింకులు, మద్యం లెక్క చాలాచోట్ల వేరు. బల్లలు ఎలాగూ నిండే శుక్ర, శనివారాల్లో, డిసెంబరు విందుల రోజుల్లో మాత్రం చాలా కూపన్లు చెల్లవు. ఆర్డర్ చెప్పేముందే చూపించాలని, బల్ల దగ్గర అందరూ ఒకే కోర్సు తీసుకోవాలని, వేరే రాయితీతో కలపకూడదని కూడా షరతులుంటాయి.

కూపన్ల మోజు బెడిసికొట్టిన సందర్భమూ ఉంది. 2011 కొత్త సంవత్సరానికి గ్రూపాన్ అనే కూపన్ల వెబ్‌సైట్ ద్వారా, 21,000 యెన్ల విందు పెట్టె సగం ధరకే అంటూ ఒక రెస్టారెంట్ 500 పెట్టెలు అమ్మింది. అవి ఆలస్యంగా, బొమ్మలో చూపినదానికి పొంతన లేకుండా చేరాయి. దేశమంతా దుమారం రేగింది. తన వంటగది ఎంతమందికి వండగలదో చూసుకోకుండా కూపన్లు అమ్మడం కొనుక్కున్నవాళ్లకు చేసిన అన్యాయమే. దీనికి భిన్నంగా, 2020లో కోవిడ్‌తో కుదేలైన హోటళ్ల కోసం ప్రభుత్వం తెచ్చిన ‘గో టు ఈట్’లో 10,000 యెన్లకు 12,500 యెన్ల భోజన టికెట్లు దొరికేవి. ఆ అదనపు పావు వంతు భారం హోటల్ మీద పడలేదు.

టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్ లాంటి చోట్ల నివసించే మన శాకాహారులు కూపన్ కొనేముందు రసం సంగతి అడిగి తీరాలి. కూరగాయలే కనిపించినా, ఆ రసాన్ని ఎండు చేపతో కాచి ఉండవచ్చు. కొంబు అనే సముద్రపు నాచుతో మాత్రమే కాచిన రసం ఉందేమో కనుక్కోవాలి. ఇక ఎవరైనా సరే, ప్లేట్లో వదిలేస్తే అదనంగా వసూలు చేసే హోటళ్లూ ఉన్నాయి. ఆ నియమం సబబైనదే. మొదటి ఆర్డర్‌లోనే పది ప్లేట్లు చెప్పకుండా రెండేసి తెప్పించుకుంటే ఆ ఖర్చూ తప్పుతుంది, మాంసం బల్ల మీద ఎక్కువసేపు ఉండి పాడవదు కూడా.